ఎవరి కుటుంబం ఇది? ఎవరి సెలవులు ఇవి?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన వారం రోజులకి పిల్లలచేత రాయించే వ్యాసం ఒకటుంది. "సెలవుల్లో నేను చూసిన ఊరు" అనో "మా కుటుంబంతో విహారయాత్ర" అనో దానికి పేరు. ఈమధ్య దానికొక తోక తగిలింది. కుటుంబమంతా కలిసి దిగిన ఫొటో అట్టమీద అతికించి తేవాలట. తెచ్చినవాడికి మార్కులు, తేనివాడికి బెంచీ ఎక్కి నిలబడడం. పట్నంలో కాన్వెంటు బడుల ముచ్చట ఇది, ఇప్పుడు మా మండలం సర్కారు బడుల దాకా వచ్చింది. దీన్ని ఎవరూ కుల సమస్య అనుకోరు. పిల్లల సరదా అంటారు. ఇది కుల సమస్యే అంటున్నాను నేను.

ఫొటోలో ఉండాల్సిన ఆ కుటుంబాన్ని మాకు ఒకటో తరగతి వాచకం నుంచే చూపించారు. కుర్చీలో కూర్చుని పేపరు చదివే నాన్న. వంటింట్లో కొంగు నడుముకి దోపుకున్న అమ్మ. చీపురు పట్టుకున్న అమ్మాయి, బంతి పట్టుకున్న అబ్బాయి, మంచంమీద కథలు చెప్పే తాత. ఆ ఇంట్లో అప్పు లేదు, కూలి లేదు. ఆ అమ్మ తెల్లారకముందే లేచి ఊడుపులకి పోదు. ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారో బొమ్మలో కనపడదు. తోముతున్నది మా అమ్మ. బొమ్మ గీసినవాడు ఆమెని పెరట్లోనే ఆపేసి గీశాడు.

మా పేట పిల్లలు సెలవుల్లో ఊళ్ళు చూడరని కాదు. వాళ్ళు చూసినన్ని ఊళ్ళు వ్యాసం పెట్టిన మేస్టారు చూసి ఉండరు. శ్రీకాకుళం రోడ్డులోనో విజయనగరంలోనో రైలెక్కి, జనరల్ పెట్టెలో కక్కూసు పక్కన గోనెసంచి పరుచుకుని సికింద్రాబాదు పోతారు, మద్రాసు పోతారు, విజయవాడ పోతారు. అమ్మా అయ్యా అక్కడ మేడలు కట్టే పనిలో ఉంటారు. ఏడాది పొడుగునా ముసలమ్మ దగ్గర అంబలి తాగి బడికొచ్చిన పిల్లలకి అమ్మని చూడడమే సెలవులు. ఆరో తరగతి గుంట ఒకతె రాసింది: "మా అమ్మ ఇసక మోసింది. నాను తమ్ముడ్ని ఎత్తుకున్నాను. అన్నం వండినాను. మేడ పన్నెండు అంతస్తులు. పైనుంచి చూస్తే ఊరంతా కనిపించినాది. తరవాత మేస్త్రీ దిగిపొమ్మన్నాడు." అంతే వ్యాసం. ఫొటో అతికించలేదని ఆ పిల్లకి మార్కులు కోశారు. తప్పులు దిద్ది, "నాను" కొట్టేసి "నేను" అని ఎర్రసిరాతో రాశారు కూడా.

ఈ వలస ఇవాళ్టిది కాదు. మన తాతల తరం రంగం పోయింది. రంగూను రేవులో బస్తాలు మోసింది. 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీలమీద దాడులు జరిగితే చచ్చినవాళ్ళు చచ్చారు. 1942లో జపాను సైన్యం వచ్చిపడితే అడవుల వెంబడి, కొండల వెంబడి నడిచి తిరిగొచ్చారు, దారిలో ఎందరు పోయారో లెక్క లేదు. రంగం డబ్బుతో మేడ కట్టినవాడి కథ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. బస్తా మోసినవాడి ఫొటో ఏ గోడమీద ఉంది? 2014 జూన్ 28న మద్రాసు పక్కన మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోయారు. అందులో మన రెండు జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. అలాంటి కబురు వచ్చినప్పుడు మన ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగునుంచి తీసి పట్టుకు పరిగెత్తేది ఆల్బం కాదు, రేషన్ కార్డు.

సెలవుల ప్రయాణం గురించి రాయమంటే మనవాళ్ళలో రాసినాయన ఒకరున్నారు. ఆ వ్యాసం ఏ మేస్టారూ పిల్లలకి చదివి వినిపించరు. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అని చిన్న పుస్తకం రాసుకున్నారు. అందులో మొదటి సంగతే వేసవి సెలవులు. 1901లో తండ్రి కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తూ సెలవులకి రమ్మని కబురు పెట్టారు. సతారాలో ఉన్న పిల్లలకి ఒకటే సంబరం. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త జోళ్ళు, పట్టంచు ధోవతులు. రైలెక్కడం మొదటిసారి. మసూరు స్టేషన్లో దిగారు. తండ్రికి ఉత్తరం అందలేదు, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. మేం మహార్లం అని పిల్లలు చెప్పగానే అంతసేపూ బాగానే మాట్లాడిన స్టేషను మాస్టరు మొహం మారిపోయింది. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, ఆ పిల్లలే ఎడ్లబండి తోలుకుంటే బండివాడు పక్కన నడిచొచ్చాడు. చేతిలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు, ఇచ్చేవాడు లేడు. కొత్త టోపీ పెట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్లాడి సెలవులు ఇవీ.

పెద్దవాడై, బారిస్టరై, లండన్లో రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చాక కూడా అంతే. 1934లో ఉద్యమంలో పనిచేసే సహచరులు సుమారు ముప్పైమంది బస్సులో విహారయాత్ర వేసుకున్నారు. ఎల్లోరా బౌద్ధ గుహలు చూపిస్తేనే వస్తానన్నారాయన. దారిలో నిజాం రాజ్యంలోని దౌలతాబాదు కోట దగ్గర ఆగి, దుమ్ము కొట్టుకున్న కాళ్ళూ మొహాలూ అక్కడి చెరువులో కడుక్కున్నారు. చెరువు మైలపడిందని జనం ఎగబడ్డారు. ఆఖరికి, వీళ్ళు ఎక్కడా నీళ్ళు ముట్టుకోకుండా కాపలాకి ఆయుధం పట్టిన సిపాయిని తోడిచ్చి కోట చూపించారు. ముట్టుకోవద్దన్నది అక్కడ హిందువులు కాదు, ముసల్మానులు. అంటరానితనం మతం గోడ దూకి అవతల కూడా కాపురం పెట్టిందని ఆయన చెప్పదలుచుకున్నది. ఈ యాత్రని అట్టమీద అతికిస్తే పదికి ఎన్ని వేస్తారండీ మేస్టారూ?

మనకి ఫొటోలు లేవనడం కూడా సగమే నిజం. ఫొటోలు తీశారు, బోలెడు తీశారు. మద్రాసు మ్యూజియం దొర ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణాది కులాలమీద, తెగలమీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు, నిలబెట్టి ఫొటోలు తీయించాడు. కింద మనిషి పేరు వెతికితే దొరకదు, కులం పేరు ఉంటుంది. దొర పోయాడు గాని పద్ధతి పోలేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఉపాధి హామీ పనిలో ఫోను హాజరు తెచ్చింది, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. రోజుకి రెండు ఫొటోలు. కరువు పనికి పోయిన మా పేట ఆడవాళ్ళు ఎండలో వరసగా నిలబడితే మేటు ఫోను ఎత్తాడు. సిగ్నలు అందక ఫొటో ఎక్కలేదంటే ఆనాటి కూలికి దిక్కులేదు. అన్ని ఫొటోలు దిగిన ఆ అమ్మల్లో ఒక్కరికైనా, ఇదిగో ఇది నీ బొమ్మ అని ఒక కాపీ ఇచ్చారా?

ఇంకో రకం ఫొటో ఉంది. 2012 జూన్ 12. మన బడులు తెరిచే రోజులు. వంగర మండలం లక్ష్మీపేట, అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస ప్రాజెక్టుకి ప్రభుత్వం తీసుకోగా మిగిలిన భూమిని మనవాళ్ళు దున్నుకున్నారని ఊళ్ళో పెత్తందారీ కులం దాడి చేసింది. ఐదుగురు చనిపోయారు. పేపర్లలో ఫొటోలు పడ్డాయి, టీవీలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అంతకుముందు ఆ ఇళ్ళలో పెళ్ళిళ్ళు జరిగాయి, పురుళ్ళు జరిగాయి, నాట్లు వేశారు, కోతలు కోశారు. అప్పుడు ఒక్క కెమెరా కూడా అటు దారి తప్పలేదు.

మరి సెలవుల ఫొటోలు ఎవరి ఇంట్లో ఉన్నాయి? మా పిన్ని పాచిపని చేసే ఇంట్లో ఉన్నాయి. ఆ కుటుంబం అరకు పోయింది, బొర్రా గుహలు చూసింది. తిరిగొచ్చాక ఫోనులో అన్నీ చూపించి, చూడవే ఎంత బాగున్నాయో అన్నది అమ్మగారు. బాగానే ఉన్నాయి. వాళ్ళు పోయిన నాలుగు రోజులూ మొక్కలకి నీళ్ళు పోసింది మా పిన్ని, కుక్కకి అన్నం వేసింది, వాళ్ళు వచ్చినరోజు మూడు బకెట్ల బట్టలు ఉతికింది. నెలాఖరుకి నాలుగు రోజుల జీతం కోశారు. అంట్లు పడలేదు కదే అన్నారట! ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి వారంలో కనీసం 24 గంటలు వరసగా సెలవు ఇవ్వాలని 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. మన దేశం చెయ్యెత్తి ఓటు వేసింది. ఆ ఒప్పందాన్ని ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. ఢిల్లీ సంగతి అలా ఉంచండి. "వారానికి ఒకరోజు నువ్వు రాకు, జీతం కోయను" అని మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళు అన్నాయి?

వంటిల్లు చెరసాల అని కవిత్వం రాసిన అక్కలతో నాకు పేచీ లేదు. నిజమే రాశారు. ఆ చెరసాలలో మసిగుడ్డ పట్టుకున్న రెండో మనిషి గురించి కూడా రాసి ఉంటే బాగుండేది. మా అమ్మకి వంటిల్లే లేదు. చూరు కింద మూడు రాళ్ళు. వాన వస్తే ఆ పొయ్యి కూడా లేదు.

ఇక్కడిదాకా చదివి తలూపుతున్న అన్నలూ, కాస్త ఆగండి. మిగతాది మీకే.

మన సంఘం అట్టపెట్టెలో ముప్పై ఏళ్ళ ఏప్రిల్ 14 ఫొటోలున్నాయి. మొన్న అన్నీ తీసి వరసగా పరిచి చూశాను. కుర్చీల్లో నాయకులు, వెనకాల నిలబడ్డ యువకులు, కింద మట్టిలో పిల్లలు. పేట సగం ఆడవాళ్ళే కదా, ఏరీ? వంట దగ్గర ఉన్నారు. మూడువందల మందికి పొయ్యిలమీద అన్నం దించుతున్నారు. ఒక్క ఫొటోలో మూలనుంచి పొగ కనిపిస్తోంది, అంతే. వేదికమీద సమానత్వం గురించి గంటసేపు మాట్లాడిన పెద్దమనిషి మధ్యలో నీళ్ళకోసం చెయ్యి చాపారు. ఆ చెయ్యి మగవాళ్ళ వైపు చాపలేదు.

మనువుని తిట్టడం సులువు. ఆయన మన ఇంట్లో పీట వేసుకుని కూర్చుంటే లేపడమే కష్టం. ఉద్యోగం వచ్చిన మనవాళ్ళు గర్వంగా చెప్పే మాట ఒకటుంది, "మా ఆవిడ్ని పనికి పంపను." ఎండలో నడుం వంచే చాకిరీ తప్పితే ఎవరికైనా సంతోషమే. తప్పించి ఎక్కడ పెట్టారు? ఆ వాచకం బొమ్మలో పెట్టారు. మీరు కుర్చీలో పేపరు పట్టుకున్నారు, ఆమె కొంగు దోపుకుంది. ఇప్పుడు కార్తీకమాసం వస్తే ఈ కులం ఆ కులం అని తోటల్లో వనభోజనాలు పెట్టుకుని ఫొటోలు దిగుతుంటే మన ఉద్యోగులు కూడా తయారయ్యారు. ఎవరి కులంవాళ్ళు వాళ్ళు బంతి వేసుకుని తినడం! బంతిలో పక్కన కూర్చోనివ్వలేదనే కదా ఇన్నేళ్ళు కొట్లాడింది. పోనీ ఆ తోటలోనైనా ఆడవాళ్ళు సెలవు మనుషులా అంటే, ఇంటి వంట చెట్టుకింద వండుతున్నారు.

2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా సమయం లెక్క తీసింది. జీతం లేని ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు చేస్తున్నారు. మగవాళ్ళు 97 నిమిషాలు. అది కూడా ఆ పని ముట్టుకునే మగవాళ్ళ లెక్క. అసలు ముట్టుకునేవాళ్ళు మగవాళ్ళలో నూటికి 26 మంది, ఆడవాళ్ళలో 81 మంది. మన మగాళ్ళు అలాంటివాళ్ళు కాదు, మనది కష్టజీవుల జాతి అని ఎవరైనా అంటే, మంచిది. పొద్దున్న ఐదింటికి ఆ ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంటాను.

ఈ లెక్కలో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకుంటున్నది పెద్దపిల్ల. దీన్ని నేను బడిలో రోజూ చూస్తున్నాను కాబట్టే ఇంత కోపంగా రాస్తున్నాను. అమ్మా అయ్యా వలస పోతారు. ముసలమ్మకి కళ్ళు కనపడవు. ఇల్లంతా పన్నెండేళ్ళ గుంట మీద పడుతుంది. నీళ్ళు, పొయ్యి, చెల్లి జడ, మేక, ముసలమ్మ మందు. మొదట సోమవారాలు రాదు. తరవాత వారానికి రెండురోజులు వస్తుంది. వచ్చినరోజు మధ్యాహ్నం నిద్రపోతుంది, లేపబుద్ధి కాదు. ఎనిమిదో తరగతి అరపరీక్షలకి ఆ పేరు ఎదురుగా వరసగా గీతలు. తమ్ముడు మాత్రం రోజూ వస్తాడు, ఉతికిన చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని. పదో తరగతిలో వాడికి మంచి మార్కులు వస్తే మన సంఘం పిలిచి శాలువా కప్పి ఫొటో తీస్తుంది. ఆ చొక్కా ఉతికిన అప్పని ఎవరైనా పిలిచారా? ఆమెకి అప్పటికే పెళ్ళి చేసేశారు. వలస ఆపడం మన ఒక్కళ్ళవల్ల కాదు, భూమి లేక పోతున్నారు. ఆ ఇంటి పని పిల్లలిద్దరికీ పంచడం మనవల్ల కాదా? మగపిల్లాడు బిందె ఎత్తితే ఏ భూస్వామి అడ్డం పడతాడు?

రాజగృహలో 1934 ఫిబ్రవరిలో దిగిన ఫొటో ఒకటి ఉంది. బాబాసాహెబ్, కొడుకు యశ్వంత్, రమాబాయి, వదినగారు లక్ష్మీబాయి, అన్నకొడుకు ముకుంద్, వాళ్ళ కుక్క టోబీ కూడా ఉంది. ఆ తరవాత ఏడాదికే, 1935 మే 27న రమాబాయి చనిపోయారు. ఆయన పరాయి దేశంలో చదువుతున్న ఏళ్ళలో పిడకలు చేసి ఇల్లు ఈడ్చిన మనిషి. "థాట్స్ ఆన్ పాకిస్తాన్" పుస్తకాన్ని ఆయన ఆమె జ్ఞాపకానికే అంకితం ఇచ్చారు, ఆమె తనతో పడ్డ కష్టాలు తలుచుకుంటూ. 1942 జూలై 20న నాగపూరులో జరిగిన మహిళా సదస్సులో, పెళ్ళయిన ఆడది మొగుడి పక్కన స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలి, బానిసగా కాదు అని చెప్పారు. మన ఇళ్ళలో ఆయన సూటు ఫొటో లేని గోడ లేదు. రాజగృహ ఫొటో ఎన్ని ఇళ్ళలో ఉంది? నాకు తెలిసి మా పేటలో రెండిళ్ళు.

మేస్టార్లకి ఒక మాట. ఆ విహారయాత్ర వ్యాసం మానేసి, "నిన్న మా ఇంట్లో ఎవరెవరు ఏ పని చేశారు" అని రాయించండి. నేను రాయించాను. ఆడపిల్లలు రెండేసి పేజీలు రాశారు. మగపిల్లాడు ఒకడు, "నేను లేచాను, అన్నం తిన్నాను, బడికి వచ్చాను" అని రాసి, ఇంకేం రాయాలి టీచరుగారూ అని అడిగాడు. అన్నం ఎక్కడినుంచి వచ్చిందో రాయమన్నాను. మర్నాడు ఇంటి గుట్టు బయట పెట్టిస్తున్నానని ఇద్దరు తండ్రులు బడికి వచ్చి తగువాడారు. ఒకాయన మన సంఘంలో పెద్దే.

యాత్రలకి పోదాం, ఎందుకు పోకూడదు? గార మండలం శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయి, కింద వంశధార. బాబాసాహెబ్ బౌద్ధ గుహలు చూడాలని అంత దూరం బస్సెక్కారు. మనకి ఇంటి పక్కనే ఉంది, మన పిల్లల్లో చూసినవాళ్ళు బహు తక్కువ. ఒకటే షరతు. అన్నం క్యారేజీలు ఎవరు కడతారు, చంటిపిల్లల్ని కొండమీదికి ఎవరు ఎత్తుకుంటారు, వచ్చాక గిన్నెలు ఎవరు తోముతారు, ఇవన్నీ బస్సు మాట్లాడక ముందే తేలాలి. ఫొటోలు తీసే ఫోను కూడా ఒకసారి ఆడవాళ్ళ చేతికి ఇవ్వండి. ఊడుపుల్లో, పాచిపని ఇళ్ళ పెరట్లో, మేడలు కట్టేచోట వాళ్ళు ఏం తీస్తారో చూద్దాం. కింద పేరు రాద్దాం, కులం కాదు.

మొన్నటి సంఘం కూడికలో, ఈ ఏప్రిల్ 14న పేట వంట మగవాళ్ళే చెయ్యాలని ఆడవాళ్ళం తీర్మానం పెట్టాం. మగాళ్ళు వండితే జనం తినగలరా అని ఒకాయన నవ్వారు. పెళ్ళిళ్ళకి వంటలు ఒప్పుకునే మగవాళ్ళు మన పేటలోనే నలుగురున్నారని గుర్తు చేశాం. డబ్బులొచ్చే చోట చెయ్యి తిరుగుతుంది మరి. గొడవ రెండు గంటలు నడిచింది. చివరికి పేర్లు ఇచ్చినవాళ్ళు పదకొండుమంది. 13వ తేదీ రాత్రి ఎనిమిదింటికి కూరగాయలు తరగడానికి బడి వెనకాలకి రావాలి. కత్తిపీటలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.